ఖాళీ చాచా కాదు, గాలి చాచా

శుక్రవారం పొద్దున మస్కట్‌లో, రూవిలో మా కంపెనీ షెడ్డులో పికప్ కడుగుతుంటే ఫోన్ టింగుమంది. మా రూముల వాట్సాప్ గ్రూపు. గులాబీ పువ్వు పెట్టిన గుడ్ మార్నింగ్ కింద, ఎవరిదో బారాత్‌లో డాన్సు వీడియో కింద, రెండు లైన్లు ఉన్నాయి. "మన ఖాళీ చాచా నిన్న ఊర్లో చనిపోయినాడు. గుండె ఆగింది. అందరూ దువా చేయండి." ఆ కింద దండం పెట్టే చేతులు వరసగా. ఒకడు ఏడ్చే బొమ్మ అనుకుని నవ్వి ఏడ్చే బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, "మంచి మనిషి, ఆ ఒక్క పొరపాటు చేయకుంటే ఇంకా మంచిగుండేది" అని రాశాడు.

తడి చేత్తోనే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు, నిజం చెప్తున్నా. డోకు వచ్చింది. పొద్దున తిన్న పరోటా గొంతుదాకా వచ్చింది. మనిషి పోయాడని చెప్పే చోట కూడా ఆ పేరే! ఆ పేరు చూస్తే చెప్పులో తొక్కిన పెంట ఇంట్లోకి తెచ్చుకున్నట్టు అనిపించింది. తెచ్చింది ఎవరో నాకు తెలుసు.

అందుకే మొదటే చెప్పేస్తున్నా. ఆ రోజు గుహ దగ్గర సిలిండర్లు ఖాళీ చేసింది చాచా కాదు, నేను. ఖాళీ చాచా అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ పేరు ఆయన మీద నుంచి దిగాలి. ఇది రాయడానికి అదొక్కటే కారణం. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, అచ్చు వేసేవాళ్లు తప్పులుంటే దిద్దుకోండి. ఈ రెండు ముక్కలు మాత్రం దిద్దకండి.

చాచాది కడప దిక్కు. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒక రేకుల షెడ్డులో కంప్రెసర్ మీద పని. నీళ్లలో మునిగేవాళ్లు వీపుకు కట్టుకుంటారు చూడండి, ఆ సిలిండర్లలో గాలి నింపడం ఆయన డ్యూటీ. నేను ఆ షెడ్డుకు తాగే నీళ్ల క్యాన్లు వేసేవాణ్ని. మొదటి రోజే పేరు పెట్టాను, గాలి చాచా అని. మా కరీంనగర్ దిక్కు గాలోడు అంటే పనీపాటా లేనివాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"గాలి చాచా, సలామాలేకుం!"

"వాలేకుమస్సలాం. గాలి అంటే అంత లోకువా నీకు? ముక్కు మూసుకోని ఒక నిమిషం నిలబడు, సూస్తా."

నిలబడ్డాను. అరనిమిషానికే వదిలేశాను.

"ఏమయినాది? ఇప్పుడు పిలువు నన్ను, గౌరవంగా."

"గాలి చాచా గారూ!"

నవ్వాడు. ఆ పేరు ఆయనకు నచ్చింది. ఫోన్లో కూడా "గాలి చాచా బోల్రా" అనేవాడు.

ఆయన ముక్కు సంగతి చెప్పాలి. నింపే ప్రతి సిలిండర్‌నీ కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. మా ఆవిడ బియ్యంలో పురుగు వెతికినంత శ్రద్ధగా. "గాలికి వాసన ఉండకూడదురా. వాసన ఉండాదంటే అది గాలి కాదు, ఇంకేందో" అనేవాడు. వాసన తగిలితే ఛీ అనేవాడు. ఆయన ఛీలలో రకాలున్నాయి. నూనె వాసనకు పొట్టి ఛీ. రబ్బరు వాసనకు ముక్కులోంచి వచ్చే ఛీ. పొగ వాసనకు మాత్రం ఛీ అని పక్కకు తిరిగి ఉమ్మి, సిలిండర్ మొత్తం వదిలేసి మళ్లీ మొదలు. గంట పనిని గాల్లో వదిలేయడమంటే ఏ అర్బాబ్‌కైనా, అంటే పని ఇచ్చే సేటుకైనా, మంట. ఆయన షెడ్డు యజమాని ఎన్నిసార్లు అరిచాడో!

ఒకసారి ఆ ముక్కును పరీక్షిద్దామని వెల్లుల్లి పచ్చడి దండిగా తిని, షెడ్డు వెనక్కి పోయి, కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం దగ్గర నోరు పెట్టి "హా... హా..." అని ఊదాను. రెండు నిమిషాలు గడవలేదు, మిషను ఆగింది. చాచా వెనక్కి వచ్చి నా చెవి పట్టుకున్నాడు. నాకప్పటికే నలభై దాటాయి.

"ఎవడో పాపం, సముద్రం అడుగున చేపలు సూసుకుంటా ఉంటాడు. వాడి నోట్లోకి నీ వెల్లుల్లా? ఛీ!"

"ఫ్రీగా పచ్చడి రుచి దొరుకుతది గద చాచా!"

"వాడు కక్కుకుంటే నీళ్లలో యాడ కక్కాల? నోట్లో పెట్టుకున్న గొట్టంలోనే కక్కాల. ఆలోచన చేసినావా?"

చేయలేదు. ఆలోచన చేసే జోకులు వేస్తారా ఎవరైనా?

నాలుగేళ్ల కింద చలికాలంలో ఒక పెద్ద పని వచ్చింది. సమాయిల్ దాటి లోపలికి పోతే కొండల్లో ఒక గుహ. గుహ అడుగున నీళ్లు, ఆ నీళ్లలో ఒక సొరంగం. అది కొండ కింద ఎంత దూరం పోతుందో, ఎక్కడ తేలుతుందో చూడాలని బయటి దేశాల డైవర్లు వచ్చారు. మోత పనికి, వండడానికి, బండ్లకు మావాళ్లను పదిమందిని తీసుకున్నారు. గాలికి చాచా. మమ్మల్నందరినీ పనిలో పెట్టిన ఒమానీ అర్బాబ్ మంచోడే, గొంతు మాత్రం లౌడ్ స్పీకరు.

ఆ పనిని వీడియోల్లో చూస్తే అందంగా ఉంటుంది. నీలం నీళ్లు, లైట్లు, మెల్లగా ఈదుకుంటూ పోయే మనిషి. వీడియోకు వాసన రాదు, అదే దాని అదృష్టం. గుహ మూతిలో మేకల పెంట. లోపల గబ్బిలాల కంపు, కళ్లలో నీళ్లు తిరిగేంత. వాళ్లు ఆరేడు గంటలు నీళ్లలోనే ఉంటారు, మధ్యలో పైకి వచ్చే దారి లేదు. మరి పోసుకోవాలంటే? పెద్దవాళ్లకు వేసే డైపర్లు. అవి తర్వాత సంచుల్లో కట్టి కొండ మీదికి మోసింది ఎవరు? మేమే. ఆ రబ్బరు సూట్లు లోపలి వైపు తిప్పి కడిగింది ఎవరు? మేమే. మొదటి సూటు తిప్పగానే నేను చాచా దగ్గరకు పరిగెత్తాను.

"చాచా, నీ ముక్కు ఒకసారి కిరాయికి ఇయ్యి. నా ముక్కు సచ్చిపోయింది."

"రావాకు నా దగ్గరికి. గాలి పాడైతాది."

వాళ్లను మెచ్చుకోలేదని కాదు. అసలు భయం ఏమిటో చాచానే ఒక మధ్యాహ్నం నాకు చపాతీలతో చెప్పాడు. పళ్లెంలో మూడు చపాతీలు పెట్టాడు.

"సముద్రంలో మునిగినోడికి పైన ఆకాశం ఉండాది. కష్టమొస్తే పైకొచ్చేస్తాడు. ఈళ్లకు పైన ఏముండాది? రాయి. వచ్చిన దారినే వెనక్కి రావాల, ఎంత దూరం పోతే అంత దూరమూ. అందుకే గాలిని మూడు భాగాలు చేస్తారు. ఈ చపాతీ పోయేదానికి. ఇది వచ్చేదానికి."

"మూడోది?"

"మూడోదాన్ని ముట్టుకోకూడదు."

"ఎందుకు చాచా, ఆకలైతే?"

"అది భయానికి. లోపల దారి చూపే దారం తెగినా, బురద లేచి కళ్లు కనపడకపోయినా, భయం వేస్తాది. భయం వేసినోడు డబుల్ పీలుస్తాడు. మూడో చపాతీ భయం తింటాది."

ఆ మాట అయ్యేలోగా నేను మూడోది తినేశాను. ఛీ అన్నాడు గానీ నవ్వాడు.

ఇంకొకటి కూడా చెప్పాడు. అంత లోతున అన్ని గంటలు ఉన్న మనిషి ఒక్కసారిగా పైకి రాకూడదంట. సోడా సీసా మూత ఠపీమని తీస్తే ఎలా పొంగుతుందో, ఒంట్లో నెత్తురు అలా పొంగుతుందంట. అందుకని చివర్లో, ఒడ్డు కళ్ల ముందే ఉన్నా, తక్కువ లోతులో రెండు గంటలు ఊరికే వేలాడుతూ ఉండాలి. ఆ రెండు గంటలకు గాలి కావాలి. అందుకోసం రెండు నిండు సిలిండర్లు గుహ లోపల నీటి ఒడ్డున రాతి అరుగు మీద పెట్టి ఉంచుతారు. చెప్పిన టైముకు ఇంకో డైవర్ వాటిని తీసుకుని మునిగి, లోపలి నుంచి వచ్చేవాడికి అందించాలి. వచ్చేవాడి దగ్గర అప్పటికి మూడో చపాతీ ముక్క మాత్రమే ఉంటుంది.

సిలిండర్లు కలిసిపోకుండా చాచా ఒక గుర్తు పెట్టాడు. నిండుదాని మూతికి ఎర్ర టేపు. ఖాళీదానికి ఏమీ ఉండదు. మోసేవాళ్లలో సగం మందికి చదువు రాదు, ఇంగ్లీషు చీటీలు అతికిస్తే ఎవరు చదువుతారని. నిండుదైనా ఖాళీదైనా భుజానికి తేడా తెలియదు, బరువంతా లోహానిదే. అందుకే ఆ టేపే మాకు కళ్లు.

పెద్ద డైవర్ చాలా దూరం పోవాలనుకున్న రోజు అది. పొద్దున ఏడింటికి మునిగాడు. నేను అరుగు దగ్గర కూర్చున్నాను. ఏమీ తోచలేదు. మా వంటాయన టీ ఫ్లాస్కు తీసుకుని దిగివచ్చాడు. నిజామాబాద్ మనిషి, తనకు తానే వంటలో మొనగాణ్ననుకుంటాడు. అట్ట ముక్క మీద "ఉప్పు తక్కువ, గొప్ప ఎక్కువ" అని రాశాను. అంటించడానికి ఏమీ లేదు. చెయ్యి చాపితే అందే దూరంలో రెండు సిలిండర్లు, వాటికి ఎర్ర టేపు.

తీశాను. రెండింటిదీ తీశాను, అట్ట బరువుంది మరి. అట్టను వంటాయన వీపు మీద అంటించాను, అది తెలియక ఆయన కొండంతా తిరిగాడు. చూసినవాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను.

పన్నెండు దాటాక అర్బాబ్ పైనుంచి తొంగి చూశాడు. నేను వాడిన సిలిండర్లను తాడుకు కట్టి పైకి పంపుతున్నాను. అరుగు మీది ఆ రెండింటినీ చేత్తో చూపించి గట్టిగా అరిచాడు. "ఖల్లీ! ఖల్లీ!"

గల్ఫ్‌లో ఉన్న ప్రతివాడికీ ఖల్లీ వల్లీ తెలుసు. పోనీలే, వదిలేయ్ అని. నాకు అది ఒకటే మాట. దాన్ని మధ్యకు విరిస్తే ముందు ముక్కకు "ఉండనీ, ముట్టుకోకు" అని అర్థమని పద్నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. పైగా గుహలో ఏ మాటైనా రాళ్లకు తగిలి సాగుతుంది. నాకు వినపడింది "ఖా...ళీ, ఖా...ళీ" అని. మనకు ఖాళీ అంటే ఖాళీనే గదా! చూశాను. మూతికి టేపు లేదు. ఖాళీయే.

టేపు తీసింది నేనే అని ఆ క్షణంలో నాకు గుర్తు లేదు. జోకు అయిపోయాక జోకును గుర్తు పెట్టుకునే అలవాటు నాకు లేదు.

తాడుకు కట్టాను. పైకి పోయాయి. వాటి వెంట నేనూ ఎక్కాను. చాచా కంప్రెసర్ పక్కన చాప వేసుకుని నమాజ్‌లో ఉన్నాడు. ఖాళీ సిలిండర్‌లో అడుగున మిగిలిన పాత గాలి పూర్తిగా వదిలేయనిదే ఆయన నింపడు. ఆ పని నేను చేసి పెడదామనుకున్నాను. సాయం! రెండింటి మూతులూ ఒకేసారి తిప్పాను. బుస్సుమని ఒకటే మోత. నాకు సరదా పుట్టి ఆ గాలిని వంటాయన టోపీ మీదికి తిప్పాను. టోపీ ఎగిరి తుమ్మచెట్టులో పడింది. అందరూ ఈలలు. ఖాళీ సిలిండర్ అంతసేపు అరవదు గదా అని ఒక్కడికీ తట్టలేదు, నాతో సహా.

చాచా నమాజ్ ముగించి వచ్చాడు. వచ్చేసరికి మోత సన్నబడింది. ఆయన సిలిండర్ మూతి మీద వేలు పెట్టాడు. తెల్లగా మంచు పట్టింది. నిండుగా ఉన్న గాలి ఒక్కసారిగా పోతేనే ఆ మంచు పడుతుంది.

"ఇవి యాడివిరా?"

"అరుగు మీదియి చాచా. ఖాళీయి. అర్బాబే చెప్పిండు."

"టేపు?"

అప్పుడు గుర్తొచ్చింది. నా కళ్లు వంటాయన వీపు మీదికి పోయాయి. చాచా కళ్లు నా కళ్ల వెంట పోయాయి. ఎర్ర టేపు, ఉప్పు తక్కువ, గొప్ప ఎక్కువ.

ఛీ అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ వినని ఛీ. గొంతులోంచి కాదు, ఇంకా కింద నుంచి వచ్చింది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మిషను దగ్గరకు ఉరికాడు.

ఇంతలో గుహలోంచి రెండో డైవర్ కేకలు, సిలిండర్లేవీ అని. అర్బాబ్ పరిగెత్తుకొచ్చాడు. "యల్లా, యల్లా, జల్దీ!" కొండ కింద ఒక మనిషి వెనక్కి వస్తున్నాడు, వాడికి తెలియదు. చాచా మొదటి సిలిండర్ నింపాడు. నేను తీసుకుని పరిగెత్తబోతే ఆగమన్నాడు. కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. గాలి దిశ మారింది. జనరేటర్ పొగ, కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం వైపు వస్తోంది. చాచా ఆ సిలిండర్ మొత్తం వదిలేశాడు.

అర్బాబ్ తల పట్టుకున్నాడు. మావాళ్లు కూడా అరిచారు. "ఏం పిచ్చి చాచా! ఆడ మనిషి సస్తున్నడు, నువ్వు వాసన సూస్తున్నవా?"

"సచ్చేవాడికైనా సరే, పొగ ఇయ్యను" అన్నాడు చాచా. "నీళ్ల కింద ఈ పొగే వాణ్ని ముందు సంపుతాది. గొట్టం ఎత్తండి. ఆ రాతి మీదికి. ఇంకా పైకి!"

పది మందిమి గొట్టం ఎత్తి పట్టుకున్నాం. మళ్లీ మొదలు. ఆ గంట ఎలా గడిచిందో చెప్పలేను. నా చొక్కాలోంచి నా చెమట కంపు నాకే కొట్టింది. భయానికి వేరే వాసన ఉంటుందని ఆ రోజే తెలిసింది, పాచిపోయిన పులుసు వాసన.

రెండోసారి వాసన చూసి తల ఊపాడు. ఒకటి నేను, ఒకటి వంటాయన భుజాన వేసుకుని దిగాం. రెండో డైవర్ లాక్కుని మునిగాడు. తర్వాత రెండు గంటలకు పైగా ఆ నల్ల నీళ్లలో బుడగలు చూస్తూ కూర్చున్నాం. బుడగ వస్తే బతికున్నట్టు. బుడగకూ బుడగకూ మధ్య నేను ఊపిరి పీల్చలేదు.

సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ టైముకు పెద్ద డైవర్ తేలాడు. మొహం బూడిద రంగు. ఒడ్డుకు వస్తూనే నా కాళ్ల మీద కక్కాడు. నా చెప్పుల్లో ఎవరైనా కక్కినందుకు నేను సంతోషపడిన రోజు అదొక్కటే.

తర్వాత అడిగారు, ఎవరు ఖాళీ చేశారు అని. అర్బాబ్, డైవర్లు, మేమందరం కంప్రెసర్ చుట్టూ నిలబడ్డాం. వంటాయన దిగి పోయింది మోయడానికే, టేపు సంగతి ఆయనకు తెలియదు. నేను టోపీ ఎగరగొట్టినవి మామూలు ఖాళీవే అనుకున్నారు మావాళ్లు, గుహ చీకట్లో అరుగు దగ్గరున్నది ఎవరో అర్బాబ్‌కు కనపడలేదు. తెలిసినవాళ్లం ఇద్దరమే. నా నాలుక అంగిలికి అతుక్కుపోయింది. రోజంతా ఆగని నా నోరు!

"మేరే హాత్ సే హువా, సాబ్" అన్నాడు చాచా. నా చేతి మీద జరిగింది.

పెద్ద డైవర్ ఆయన్ను చాలాసేపు చూశాడు. ఏదో ఇంగ్లీషులో చెప్పి తల తిప్పుకున్నాడు. మర్నాడు ఇంకో గాలి మనిషిని తెప్పించారు.

ఇక్కడితో ఆగినా నేను సగం మనిషిని అయ్యేవాణ్ని. ఆగలేదు. క్యాంపు నుంచి తిరిగి వస్తూ, చాచా లేని పికప్‌లో అందరూ మూతులు ముడుచుకుని కూర్చుంటే, ఎవడో "చాచా గట్ల ఎట్ల చేసిండు?" అన్నాడు. వాళ్ల చూపు నా వైపు తిరుగుతుందేమోనని భయపడ్డాను. నోరు తెరిస్తే జోకే వచ్చింది. "గాలి చాచా కాదురా బై, ఖాళీ చాచా!" బండి అదిరిపోయేలా నవ్వారు. అంతే. ఆ పేరు రూవి అంతా పాకింది, సమాయిల్ దాకా పోయింది. ఒమాన్ నుంచి కడపకు పోయే ఫోన్లలో ఆయన ఇంటికి కూడా పోయింది.

డైవర్లు ఆ షెడ్డుకు సిలిండర్లు పంపడం మానేశారు. యజమాని చాచాను పంక్చర్ షాపులో పెట్టాడు. మనుషుల ఊపిరి నింపిన చెయ్యి లారీ టైర్లు నింపింది. ఒకసారి నా పికప్ టైరు నెపం పెట్టుకుని పోయాను. ఆయన టైరు గాలి కూడా వాసన చూస్తున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"చాచా, నా పేరెందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను పంపించేస్తారు. నీ బదులు ఇంకోడు వస్తాడు. వాడు నీకన్నా పెద్ద ఎదవ అయితే?"

"జోక్ కాదు చాచా."

"నేనూ జోక్ చెయ్యలా. నమాజుకు పోయే ముందు అరుగు మీద లెక్క ఒకసారి అడగాల్సింది, అడగలా. సగం తప్పు నాది."

"మరి మిగిలిన సగం?"

"నీ దగ్గరే పెట్టుకో. యాడా పారేసుకోవాకు."

టైరు బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆ పేరు పెట్టినోడు ఎవడో గానీ, ప్రాస బలే కుదిరినాది."

ఆయనకు తెలుసు. నేను "షుక్రన్ చాచా" అని బండి ఎక్కాను. షుక్రన్ అంట, థాంక్సంట! ఛీ. ఆ తర్వాత రెండేళ్లు అక్కడే టైర్లు నింపి, ఊరికి వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టుకు దింపడానికి నేను పోలేదు, డ్యూటీ ఉందన్నాను. డ్యూటీ లేదు.

కబురు వచ్చిన వారానికి, మొన్న శుక్రవారం జుమ్మా నమాజ్ తర్వాత రూవిలో చాచా ఊరాయన రూములో అందరం కలిశాం. గ్రూపులో కబురు పెట్టింది ఆయనే. ఫాతిహా చదివారు, బిర్యానీ తెప్పించారు. ఒక్కొక్కరూ చాచా గురించి మంచి మాటలు మొదలుపెట్టారు. ప్రతి మాటకూ ముందు ఖాళీ చాచా, ఖాళీ చాచా. నోట్లో ముక్కలు నములుతూనే. నాకు ముద్ద దిగలేదు. లేచి నిలబడ్డాను.

"ఆ దినం సిలిండర్లు ఖాళీ చేసింది చాచా కాదు. నేను."

ఎవడో ఫక్కున నవ్వాడు. అందరూ నవ్వారు.

"అరె, సావు ఇంట్ల కూడా నీ ఆటలేనా అన్నా!"

"కాదు బై, కసం. టేపు నేనే తీసిన. వంటాయనకు అట్ట అంటించలే?"

వంటాయన మూలన కూర్చున్నాడు. "ఈయన నోటి నుంచి నిజమొస్తే సూర్యుడు పడమటి దిక్కు లేస్తడు" అన్నాడు. మళ్లీ నవ్వులు. నేను గట్టిగా చెప్పేకొద్దీ వాళ్లకు ఇంకా నవ్వు. ఇన్నేళ్లు వాళ్లకు నేను నేర్పింది అదే మరి, నా మాట వింటే నవ్వాలని. నా మొహం అంతకన్నా ఏడుపుగా ఎప్పుడూ లేదు, అయినా ఎవరికీ కనపడలేదు.

చాచా ఊరాయన ఒక్కడు నవ్వలేదు. ఆయన నిజంగా నమ్మాడో, కోపంగా ఉన్నాడో తెలియదు. చాచా ఇంటి నంబరు అడిగితే ఇచ్చి, "ఇది గూడా ఆటే అయితే మాత్రం నిన్ను వదల్ను నేను" అన్నాడు.

కిందికి దిగి పికప్‌లో కూర్చుని ఫోన్ చేశాను. సీటు ఎండకు పెనంలా కాలుతోంది. చాచీ ఎత్తింది. నేను ఎవరో చెప్పాను.

"నువ్వా నాయనా! నవ్విస్తావంట గదా. ఆయన నీ మాటలు చెప్పి చెప్పి నవ్వేవాడు. ఏదన్నా ఒక మాట చెప్పు, ఇంట్లో అందరూ ఏడ్సి ఏడ్సి అలిసిపోయినారు."

నవ్వించే మాట నా దగ్గర లేదని చెప్పాను. ఉన్నది చెప్పాను. టేపు, అట్ట, ఖల్లీ, ఖాళీ, పికప్‌లో పెట్టిన పేరు, మొత్తం.

"ఆయన కాదా?" అంది.

"కాదు చాచీ. నేను."

"మాకు గూడా తనదే తప్పని చెప్పినాడే. మట్టి ఇచ్చే దినం గూడా మా వీధిలో ఒకడు ఆ పేరే అన్యాడు నాయనా. నా ఎదురుగానే అన్యాడు."

నేను క్షమించమన్నాను. ఆ మాటకు ఆమె జవాబు ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. "ఉండు, పెట్టేయొద్దు" అంది. లోపల ఎవరినో కేకేసింది. మరిది అంట, ఆయన చేతికి ఫోన్ ఇచ్చింది. "చెప్పు" అంది దూరం నుంచి. చెప్పాను. ఆయన చేతిలోంచి అల్లుడికి. చెప్పాను. ఒకరు తిట్టారు, ఒకరు ఫోన్ వెనక్కి ఇచ్చేశారు. మళ్లీ చాచీ గొంతు.

"ఆయన పోయినాడు గదా, నేను ఇద్దత్‌లో ఉండా, గడప దాటకూడదు. నా బిడ్డ ఫోన్ తీసుకపోతాది. వీధిలో ప్రతి ఇంటికాడా చెప్పు. ఆ చివరింటి దాకా. అలిసిపోవాకు."

చెప్పుల చప్పుడు, గేటు గడియ, ఎక్కడో కోడి. ఆ అమ్మాయి వేగంగా నడుస్తోంది, ఊపిరి ఫోన్లో వినపడుతోంది. తలుపు కొట్టింది. "అత్తా, తలుపు తియ్యి. మస్కట్ నుంచి ఫోన్. మా నాయన గురించి చెప్తాడంట, విను." ఎవరిదో ముసలి గొంతు, "ఎవురూ?" అంది. నేను గొంతు సవరించుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.